మేజిస్ట్రేట్‌గా అప్లై చేయనా? జీతం లేదంటున్నారు

రీడింగ్_రాజు: నమస్కారం అందరికీ. ఇక్కడ ఇంగ్లండ్‌లో మేజిస్ట్రేట్లు కావాలని ప్రకటన చూశాను. లా చదవక్కర్లేదట. 18 నుంచి 74 ఏళ్ళ వరకు ఎవరైనా సరేనట. ఏడాదికి 13 రోజులు కూర్చుంటే చాలట, కనీసం అయిదేళ్ళు చేయాలట. జీతం మాత్రం సున్నా. నేను టెస్టింగ్‌లో ఉన్నా, పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. "ఇంట్లో పిల్లల గొడవ తీర్చలేరు, కోర్టులో ఏం తీరుస్తారు" అంటోంది మా ఆవిడ. ఎవరైనా చేశారా?

అత్తిలి_లక్ష్మి: నేను ఏడేళ్ళు చేశాను. అమ్మకి బాగాలేక మానేశాను. బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు, కానీ బ్రిటన్ రాజుకి విధేయులమని ప్రమాణం చేయాలి. మామూలుగా ముగ్గురు కూర్చుంటారు. మధ్యలో ఉన్నవాళ్ళే మాట్లాడతారు, అటూ ఇటూ ఉన్నవాళ్ళని వింగర్లు అంటారు. చట్టం సంగతి లీగల్ అడ్వైజర్ చెబుతారు, నిర్ణయం మాత్రం ముగ్గురిదే. నేను మొదట్లో చూసిన కేసు: ఒకాయన కోటు లోపల చీజ్ ముక్కలు దాచుకుని దొరికిపోయాడు. ఆదాయం ఫారంలో అంకెలు రాయడానికి పెన్ను పట్టుకుంటే ఆయన చెయ్యి వణికింది. అంతకుముందు శిక్షలంటే పేపర్లో చదివినవే. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

క్రాయిడన్_మూర్తి: 13 రోజులన్నది ఒట్టి మాట. ట్రైనింగ్ ఎవరు లెక్కేస్తారు? ప్రయాణం? 2010 తర్వాత దాదాపు సగం కోర్టులు మూసేశారు. జనం చేరేసరికి లెక్క ఎలా మారుతుందో చూడండి.

అత్తిలి_లక్ష్మి: 13 అంటే కనీసం మూర్తిగారూ. 26 పూటలు. ట్రైనింగ్ వేరని ముందే చెబుతారు.

క్రాయిడన్_మూర్తి: ప్రకటనలో పెద్దక్షరాలతో 13 అని వేసి, కింద సన్నక్షరాలతో 'ట్రైనింగ్ వేరు' అంటే దాన్నేమంటారు?

గణపతి_ఎన్ఎల్ఆర్: పార్కింగ్ డబ్బులిస్తారా?

అత్తిలి_లక్ష్మి: రాజుగారూ, సెలవు విషయం. కంపెనీ టైమివ్వాలని చట్టంలో ఉంది, ఆ రోజు జీతం ఇవ్వాలని లేదు. పోయిన జీతానికి కోర్టువాళ్ళు కొంత ఇస్తారు, దానికో పరిమితి ఉంది.

క్రాయిడన్_మూర్తి: ఇక అసలు విషయం. 2015 నుంచి సింగిల్ జస్టిస్ పద్ధతి పెట్టారు. ఒక్క మేజిస్ట్రేట్, ఒక అడ్వైజర్, మన మొహం చూడకుండా కాయితాల మీదే తీర్పు. నా స్పీడింగ్ ఉత్తరం పాత ఇంటికి పోయింది. నాకు తెలిసేసరికి జరిమానా పడింది. దీన్ని న్యాయం అంటారా? తెలీనివాళ్ళ చేతికి అధికారం ఇస్తే ఇంతే.

అత్తిలి_లక్ష్మి: తెలిసిన 21 రోజుల్లోపు స్టాట్యుటరీ డిక్లరేషన్, అంటే కేసు సంగతి నాకు తెలీదని ప్రమాణం చేసి రాసిచ్చే కాయితం, ఇస్తే కేసు మళ్ళీ మొదటికొస్తుంది. ఇచ్చారా?

క్రాయిడన్_మూర్తి: లేదు. పాయింట్ అది కాదు.

బెజవాడ_బాబ్జీ: మా ముత్తాత ఆనరరీ మేజిస్ట్రేట్. తెల్లదొరల కాలంలో ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఆయన దగ్గరికి ఎవరు వచ్చినా చెప్పులు గుమ్మం బయటే విప్పేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది.

క్రాయిడన్_మూర్తి: చూశారా! అదే చెబుతున్నా. అప్పుడు జమీందార్లు, ఇప్పుడు రిటైరైన హెడ్‌మాస్టర్లు. కూడూ గుడ్డా లోటులేనివాళ్ళు లేనివాళ్ళని కూర్చోబెట్టి తీర్పు చెప్పడం. 2024 నవంబరు నుంచి ఒక్క నేరానికి ఏడాది దాకా లోపల వేయగలరు, తెలుసా?

అత్తిలి_లక్ష్మి: తెలుసు. 2022లో పెంచారు, 2023లో తగ్గించారు, మళ్ళీ పెంచారు. కానీ మీరు గంట నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. 13 రోజులన్నారు, ఉత్తరం అన్నారు, హెడ్‌మాస్టర్లన్నారు. మేజిస్ట్రేట్లు మిమ్మల్ని ఏం చేశారు మూర్తిగారూ? సూటిగా చెప్పండి, లేకపోతే ఆ అబ్బాయిని అప్లై చేసుకోనివ్వండి.

క్రాయిడన్_మూర్తి: చెబుతా. మా వాడికి 15 ఏళ్ళప్పుడు బస్‌స్టాప్ దగ్గర కొట్లాట. యూత్ కోర్టు. ఎదురుగా ముగ్గురూ తెల్లవాళ్ళు. మధ్యలో ఆవిడ నాతో చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా ఒత్తి ఒత్తి పలికింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ అకౌంట్లు చూస్తున్నా నేను. చివరికి రిఫరల్ ఆర్డర్ ఇచ్చారు, అంటే లోపల వేయకుండా ఒక ప్యానెల్ ముందు ఒప్పందం రాసుకుని దాని ప్రకారం నడుచుకోమనడం, అది సబబే.

అత్తిలి_లక్ష్మి: అందుకే కదండీ మనవాళ్ళు ఆ కుర్చీల్లో ఉండాలనేది!

క్రాయిడన్_మూర్తి: మీకు అర్థం కాలేదు. ఆవిడ మీద కోపం సాయంత్రానికి వచ్చింది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకటే టెన్షన్, ఆ ముగ్గురిలో మనవాళ్ళు ఎవరూ ఉండకూడదని. వెంకన్నకి మొక్కుకున్నా. ముగ్గురూ తెల్లగా కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది.

అత్తిలి_లక్ష్మి: తెలిసినవాళ్ళ కేసైతే తప్పుకుంటామండీ. బయట నోరు విప్పం.

క్రాయిడన్_మూర్తి: తప్పుకునేది తెలిశాకే కదా? మర్నాడు గుళ్ళో నేను ఎదురుపడితే మీరు పలకరించే తీరు మారదా?

బెజవాడ_బాబ్జీ: అన్నా, అక్కా, కొంచెం నిదానం.

అత్తిలి_లక్ష్మి: నాకు మారలేదు. కానీ అవతలి మనిషికి మారింది. ఒకసారి లిస్టులో పేరు చూసి పోల్చుకోలేకపోయాను. కోర్టులోకి వచ్చాక మొహం చూసి, అడ్వైజర్‌కి చెప్పి లేచి వెళ్ళిపోయాను. ఆయన అది చూశారు. ఆ సంక్రాంతి సంబరాల్లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ప్లేటుతో వస్తూ, నన్ను చూసి వెనక్కి తిరిగారు. ఆయన ఏ కేసులో వచ్చారో మా ఇంట్లో కూడా ఇప్పటికీ తెలీదు. ఆ మాట ఆయనకి నేనెలా చెప్పను?

క్రాయిడన్_మూర్తి: చెప్పలేరు.

రీడింగ్_రాజు: అప్లై చేసేముందు రెండు మూడుసార్లు వెళ్ళి చూడమంటున్నారు కాబట్టి బుధవారం సెలవు పెట్టాను, గ్యాలరీలో కూర్చుంటా. లక్ష్మిగారూ, ఒక్కటి అడగనా? మనవాళ్ళు తక్కువున్న పక్క జిల్లాకి అప్లై చేసుకోవచ్చా?

గణపతి_ఎన్ఎల్ఆర్: పార్కింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు.