మల్లీశ్వరికి 135 చాలదా, 137.5 ఎందుకు?

అనంతపురంలో మా బడి పిల్లలకు క్విజ్ తయారు చేస్తూ ఒక లెక్క దగ్గర ఇరుక్కున్నా. 2000 సిడ్నీ ఒలింపిక్స్, మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం. స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలతో కరణం మల్లీశ్వరికి కాంస్యం. పైనున్న ఇద్దరివీ 242.5 కిలోలే, ఒంటి బరువు తక్కువని చైనా అమ్మాయికి స్వర్ణం, హంగరీ ఆమెకు రజతం (అదే పెద్ద వింత!). మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో 137.5 ఎత్తబోయి విఫలమైంది. నా లెక్కన 135 ఎత్తినా మొత్తం 245 అయ్యి, 242.5ను దాటేది కదా.

పాత వీడియో చూసినా, స్కోరు పట్టిక కనపడలేదు. గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేసినా, తుది ఫలితమే ఉంది. పీఈటీ సారేమో "ధైర్యం నాయనా" అని నవ్వేసినాడు.

ఆమె 137.5 అడిగే సమయానికి చైనా అమ్మాయికి ఇంకా ప్రయత్నాలు మిగిలి ఉన్నాయా, అందుకే అంత ఎక్కువ అడిగిందా?