దోమను "తట్టుకునే" వరి అనాలా, "లొంగని" వరి అనాలా?

గుంటూరు నుంచి రాస్తున్నాను. సుడిదోమను (వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే చిన్న పురుగు) ఎదుర్కొనే వరి జన్యువుల మీద ఒక వ్యాసాన్ని రైతుల కోసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మన దగ్గర అందరి నోటా "దోమపోటును తట్టుకునే రకం" అనే మాటే ఉంది. విజేత తట్టుకుంటుంది, సాంబ మసూరి తట్టుకోదు. కానీ తట్టుకోవడమంటే దెబ్బ పడ్డాక ఓర్చుకోవడం కదా?

వ్యాసంలో ఉన్నది వేరు. ట్రేలో వరసలుగా నారు పెంచి దోమ పిల్లలను వదులుతారు. దోమకు ఇట్టే లొంగే టీఎన్‌1 అనే వరి రకం వరస ఎండిపోయాక మిగతా వాటికి 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. పచ్చగా నిలిచిన మొక్కలకూ ఎండినవాటికీ జన్యువులను మోసే 12 క్రోమోజోముల మీది గుర్తులను (డీఎన్‌ఏలో తేడా చూపే చోట్లను) పోల్చి, జన్యువు ఏ రెండు గుర్తుల మధ్య ఉందో తేలుస్తారు. హద్దురాళ్లు పట్టుకుని పొలం కొలిచినట్టే. అలా 3వ క్రోమోజోము మీద దొరికింది బీపీహెచ్‌14. అడవి వరి నుంచి వచ్చిన జన్యువు. 2009లో దాన్ని వేరుచేసి చూస్తే, అది ఉన్న మొక్క తనలో రసం పారే గొట్టాలను, దోమ పీల్చేవాటిని, లోపలే పూడ్చేస్తోంది. దోమకు తిండి అందదు. దీన్ని తట్టుకోవడం అనడానికి నాకు మనసొప్పడం లేదు. "నిరోధక" అంటే మా నాన్నకు ఎక్కదు.

బాపట్ల నుంచి: అన్నా, ఇవి మూడు వేరు పనులు. దోమ అసలు వాలదు. వాలినా బతికి బట్టకట్టదు. కడుపునిండా తాగినా చేను నిలబడుతుంది. మూడోదే తట్టుకోవడం. మిగతా రెంటికీ "దోమ పట్టని" అనొచ్చుగా?

గుంటూరు: "పట్టని" అంటే దోమ కనబడదనుకుంటారమ్మా. మాకు ఒకసారి అలాగే చెప్పి విత్తనం అమ్మారు. చేలో దుబ్బు విడదీస్తే నీళ్ల అంచున మొదలు నిండా దోమే. వారానికి చేను గుండ్రంగా మాడింది.

విజయవాడ నుంచి: దాన్ని ఇంగ్లీషువాళ్లు కాలడం అన్నారు, మనవాళ్లు పోటు అన్నారు. కత్తిపోటు, పంటిపోటులో ఉన్న పోటే. దోమ సూదిలాంటి మూతితో పొడిచే తాగుతుంది బాబూ, మన మాటే దగ్గరగా ఉంది. ఇక నీ సందేహానికి: టీఎన్‌1ను "లొంగే" అని నువ్వే రాశావు. దీన్ని "లొంగని" అను.

గుంటూరు: నమస్కారమండీ, అదే ఖాయం చేశాను. నాన్నకు చదివి వినిపిస్తే, "లొంగదు సరే, ఎన్నేళ్లు?" అన్నారు. 1973లో దోమకు లొంగని రకంగా వచ్చిన ఐఆర్‌26ను కొన్నేళ్లకే మారిన దోమ తినేసింది. అందుకే ఇప్పుడు రెండు మూడు జన్యువులను ఒకే రకంలోకి తెస్తున్నారు. ఆ పనికి "పేర్చడం" అని రాశాను. గడ్డివాము వేసేవాళ్లు ఇంకేమైనా అంటారా?