ఎండాకు తెగులు బ్యాక్టీరియా ప్రొటీన్‌కి వరి ప్రమోటర్ ఎలా దొరుకుతుంది?

తణుకు_బయోటెక్:
సార్వాలో గాలివాన పట్టాక సాంబ మసూరి చేలల్లో ఆకులు అంచుల నుంచి ఎండుకొస్తాయి కదండి, ఆ ఎండాకు తెగులు గురించే. 2008లో వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో దీన్ని తట్టుకునే ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అని మూడు జన్యువులున్నాయి. ఎక్స్‌ఏ13లో కీలకమైన తేడా ప్రమోటర్‌లోనే (జన్యువుని ఆన్ చేసే స్విచ్ భాగం) అంటున్నారు. ప్రొటీన్ పనికొచ్చేదిగానే ఉంటే తెగులెలా ఆగుతుంది? వరి డీఎన్‌ఏలోని దాదాపు 39 కోట్ల బేసుల్లో ఆ ఒక్క చోటు బ్యాక్టీరియాకి ఎలా దొరుకుతుంది? జెల్ షిఫ్ట్‌లో (ప్రొటీన్ పట్టిన డీఎన్‌ఏ జెల్‌లో వెనకబడే పరీక్ష) చూపించాలంటే ప్రోబ్ (గుర్తు తగిలించిన చిన్న డీఎన్‌ఏ ముక్క) ఎలా చేసుకోవాలి?

లాకుల_గట్టు:
ఈ బ్యాక్టీరియా టేల్ అనే రకం ప్రొటీన్లను నేరుగా ఆకు కణంలోకి ఎక్కిస్తుందండి. అవి న్యూక్లియస్‌కి చేరి, వరి సొంత ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలాగే జన్యువుల్ని ఆన్ చేస్తాయి. పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అనే టేల్ ప్రొటీన్ పట్టేది స్వీట్11 ప్రమోటర్‌ని. ఎక్స్‌ఏ13 అంటే అదే జన్యువు. స్వీట్ పని చక్కెరను కణం బయటికి వదలడం. బ్యాక్టీరియాకి కావలసింది ఆ మేతే. తట్టుకునే రకంలో ప్రొటీన్ కూర్చునే చోటు చెడిపోయింది, కాబట్టి స్విచ్ పడదు. జన్యువునే తీసేస్తే? పుప్పొడికి స్వీట్11 కావాలి. అది లేకపోతే తాలు గింజలే మిగులుతాయి. అందుకే ప్రమోటర్ మార్పే పనికొచ్చింది.

ఇక గుర్తుపట్టే తీరు. టేల్ ప్రొటీన్ నడుమ దాదాపు 34 అమైనో ఆమ్లాల ముక్క వరుసగా తిరిగి తిరిగి వస్తుంది. ముక్కల మధ్య అసలు తేడా 12, 13 స్థానాల్లో. ఒక్కో ముక్క ఒక్కో బేసుని చదువుతుంది: హిస్టిడిన్-ఆస్పార్టేట్ అయితే సీ, ఆస్పరజీన్-ఐసోల్యూసిన్ అయితే ఏ, ఆస్పరజీన్-గ్లైసిన్ అయితే టీ, రెండూ ఆస్పరజీన్లే అయితే జీ, ఒక్కోసారి ఏ. ఈ కోడ్ 2009లో బయటపడింది, 2012లో స్ఫటిక నిర్మాణాలూ వచ్చాయి. బేసుని తాకేది 13వదే. 12వది మలుపు కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆస్పార్టేట్ సైటోసిన్ అమైనో గుంపుతో హైడ్రోజన్ బంధం కడుతుంది. గ్లైసిన్‌కి పక్క గొలుసు లేదు, ఆ ఖాళీలో థైమిన్ మిథైల్ ఇముడుతుంది. డీఎన్‌ఏ పోగులు విడదీయక్కర్లేదు, మేజర్ గ్రూవ్ (మెలిక మీది వెడల్పాటి గాడి) నుంచే చదివేస్తుంది. వరుసకి ముందు సాధారణంగా ఒక టీ ఉండాలి. ప్రోబ్ రాసేటప్పుడు చాలామంది వదిలేసేది ఇదే.

జెల్‌రూమ్:
ప్రోబ్ సంగతి నేను చెబుతా. ఆ ముందు టీతో కలిపి సైటు, అటూ ఇటూ 8 బేసులు పెట్టి దాదాపు 40 బేసుల జత తెప్పించండి. ఒక పోగుకి 5 ప్రైమ్ కొసన బయోటిన్ చాలు. 50 మిల్లీమోలార్ ఉప్పులో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలుంచి, హీట్ బ్లాక్‌లోనే నెమ్మదిగా చల్లారనివ్వండి. హడావిడిగా ఐసులో పెడితే ఒంటి పోగులు మిగిలి, కింద అదనపు బ్యాండ్ కనబడుతుంది. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి 20 ఫెమ్టోమోల్ ప్రోబ్, 1 మైక్రోగ్రామ్ పాలీ డీఐ-డీసీ (ప్రొటీన్ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా వేసే డీఎన్‌ఏ). 6 శాతం నేటివ్ జెల్, 0.5 ఎక్స్ టీబీఈ బఫర్, 100 వోల్టులు, కోల్డ్ రూమ్‌లో.

బ్యాండ్ తోకలా సాగితే రన్ మధ్యలో కాంప్లెక్స్ విడిపోతున్నట్టు. బావిలోనే ఉండిపోతే ప్రొటీన్ ముద్దకట్టినట్టు, లేదా పాలీ డీఐ-డీసీ చాలనట్టు. లేబుల్ లేని ప్రోబ్ 200 రెట్లు వేస్తే షిఫ్ట్ పోవాలి. మార్చిన ప్రోబ్ అంతే వేసినా పోకూడదు. మార్పులు 5 ప్రైమ్ వైపు మూడు నాలుగు బేసుల్లో పెట్టండి. 3 ప్రైమ్ కొసన తేడాలను టేల్ ప్రొటీన్ చాలావరకు ఓర్చుకుంటుంది, అక్కడ మార్చి ఫలితం రాలేదంటే లాభం లేదు.

తణుకు_బయోటెక్:
జెల్‌లో పట్టిందంటే ఆకులోనూ పట్టినట్టేనాండి?

లాకుల_గట్టు:
కాదండి. కొన్న ప్రోబ్‌లో సైటోసిన్‌కి మిథైల్ ఉండదు. క్రోమోజోమ్ మీద ఉంటే హిస్టిడిన్-ఆస్పార్టేట్ ముక్క సరిగా పట్టదు. ఆకులో బ్యాక్టీరియా ఎక్కించి, స్వీట్11 ఆర్‌ఎన్‌ఏ పెరిగిందో లేదో క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పద్ధతి) చూడాల్సిందే. ఏవీఆర్‌ఎక్స్‌ఏ7 అనే మరో టేల్ ప్రొటీన్ ఉన్న స్ట్రెయిన్ తీసుకున్నారో, అది స్వీట్14 మీద పడుతుంది, ఎక్స్‌ఏ13 అడ్డుకోలేదు. ఎక్స్‌ఏ5 దారి వేరు: వరి ట్రాన్స్‌క్రిప్షన్ యంత్రాంగంలోని టీఎఫ్‌ఐఐఏ గామా అనే ప్రొటీన్‌లో 39వ వాలీన్ గ్లుటమేట్ అయింది, దాంతో టేల్ ప్రొటీన్‌కి ఆ యంత్రాంగంతో లంకె బలహీనపడుతుంది.