ఇంటెనుక ముంగిసను ఉండనియ్యాలా, తరమాలా? సిరోంచ దిక్కోళ్లు చెప్పండి

మిర్చికల్లం: మాది మహారాష్ట్రల సిరోంచ తాలూకా, గోదావరి ఒడ్డు ఊరు. ఇంటికీ మిర్చి చేనుకూ నడుమ తుమ్మకంప ఉన్నది. అండ్ల ముంగిసల జంట చేరింది. ఒక్క నెలల 7 కోడిపిల్లలు పోయినయ్. నిన్న పొద్దుగాల గంప ఎత్తితే 4 గుడ్లు ఉత్త పెంకులే. పగల్లేదు, చితకలేదు. ఒక కొనకు వేలిగోరంత బొక్క, లోపల తడి కూడ లేదు. కంప కాలబెట్టి ఎల్లగొడదామని నేను, వద్దని ఇంట్లోళ్లు. మీరేమంటరు?

ప్రాణహిత గట్టు: అక్కా, కాలబెట్టకు. నీ చేన్ల ఎలుకలు, పందికొక్కులు, మిడతలు, తేళ్లు దాని తిండి. అది కోళ్ల కోసమే పుట్టలేదు. ఇగ పాముల సంగతి. మన కండల మీద, నరం వచ్చి కలిసే కాడ, నాగుపాము విషం అతుక్కునే చోటు ఉంటది, ముంగిసకు ఆ చోటు వేరే తీరుగ ఉంటది, విషానికి పట్టు దొరకదు. అట్లని ఎన్ని కాట్లయినా ఓర్చుకుంటదని కాదు. ఒడుపుతోనే గెలుస్తది. నేను మా గట్టు మీద చూసిన: ఒళ్లంత నిక్కబొడిస్తే రెండింతలు కనబడ్డది, పాము కొట్టిన రెండు దెబ్బలూ బొచ్చులకే పోయినయ్. ఇంకోటి, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని చంపుడు నేరం.

టేకు నీడ: అది ఏ ముంగిస? అది తేలకుండా ఈ చర్చ దేనికి? తోక కొన నల్లగా ఉండి, నడిచేటప్పుడు పైకి వంచుతుందా? అయితే ఎర్ర ముంగిస. అది అడవి జంతువు, ఊళ్లోకి తక్కువ వస్తుంది. ఒంటి మీద బూడిద చల్లినట్టుండి, తోక ఒంటంత పొడుగుంటే మామూలు బూడిద ముంగిస.

బల్లార్షా బండి: ఇంగ్లీషోళ్ల మంగూస్ మన ముంగిసే.

చాందా చౌరస్తా: మరాఠీ ముంగూస్ నుంచి పోయింది.

కోళ్లగూడు: ముంగిసను మెచ్చుకునేటోళ్ల ఇండ్లల్ల కోళ్లుండయి. మా ఇంట్ల నాటుకోడి పైసలు ఆడోళ్ల పైసలు. పిల్లల నోటుబుక్కులు, దవాఖాన ఖర్చు అండ్లకెళ్లే. పోయిన ఏడు పండుగకు అమ్ముదామని మేపిన పిల్లలన్నీ దానికే పోయినయ్. ఎలుకలు తింటదంటరు గని, 1872ల జమైకాకు చెరుకు తోటల ఎలుకల కోసమని కలకత్తా నుంచి 9 ముంగిసలను పట్టుకపోయిండ్రు. ఎలుకలు రాత్రి తిరిగేటియి, ఇవి పగలు తిరిగేటియి. ఎలుకలు మిగిలినయ్, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, తొండలు ఆగమైనయ్.

టేకు నీడ: వాళ్లు తీసుకెళ్లింది చిన్న ముంగిస, వేరే జాతి. తోక ఒంటికన్నా పొట్టి, బొచ్చులో బంగారు చుక్కలు. అందుకే తోక చూడమంటున్నాను.

కోళ్లగూడు: తోక పట్టుకొని ఏం జేస్తవన్నా. తినేది నోరు.

ప్రాణహిత గట్టు: జమైకా దీవి, అక్కడ ముంగిస బయటి నుంచి వచ్చి పడ్డది. ఇక్కడ అది మనకంటె పాత కాపు. మన పిట్టలకూ తొండలకూ దాని సంగతి ఎరుకే. అక్కా, ఒక్క మాట చెప్త. ముంగిస తిరిగే వాకిట్లకు పాము రాదు. తాతల నాటి మాట. నీకు కోడిపిల్లలే కనబడుతున్నయ్, కన్నపిల్లలు కనబడ్తలేరా?

మిర్చికల్లం: ఆ మాట అననే అన్నవా తమ్ముడూ. అయితే ఇను.

ప్రాణహిత పుష్కరాలైన ఏడు, 2022 వానకాలం. అప్పుడు గుడ కంపల ముంగిసలుండె. నా కొడుకు కింద చాప మీద పన్నడు. నడిజామున లేసి కడుపు నొస్తుందన్నడు. మెడ మీద సూదిమొనంత చుక్క. వాపు లేదు, నెత్తురు లేదు. పాము కావచ్చని నేనంటనే ఉన్న. అందరిదీ ఒకటే మాట: ముంగిసలు తిరిగే ఇల్లు, పాము ఎట్ల వస్తది, ఎలుక కొరికిందేమో అని. తెల్లారేసరికి వాని రెప్పలు వాలిపోయినయ్. నేను వేలుతోని ఎత్తితే మళ్ల పడుతున్నయ్. కట్లపాము. దవాఖానల నాలుగు రోజులు మిషను మీద ఊపిరి. బతికిండు. కని ఆ గంటలన్నీ ఎవరు పోగొట్టిండ్రు? ముంగిస పోగొట్టలే. మీ తాతల మాట పోగొట్టింది.

ఆ పొద్దు నుంచి దాన్ని చూస్తె నాకు కడుపుల మండుతది. కోళ్లు ఉత్త సాకు.

టేకు నీడ: అమ్మా, కట్లపాము రాత్రి తిరిగేది. ముంగిస పొద్దుగూకితే బొక్కలో పడుకుంటుంది. ఆ రెండూ ఎదురుపడేదే అరుదు. కట్లపాము కాటు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, ఇవే గుర్తులు. మంచం, చుట్టూ పరుపు కిందికి మడిచిన దోమతెర, ఇవి కాపాడతాయి.

ప్రాణహిత గట్టు: ఆ మాట వాపస్ తీసుకుంటున్న అక్కా. మా పిల్లలూ కిందనే పంటరు. కంప కాలబెట్టుడు మాత్రం ఇప్పటికీ వద్దంట. పిల్లల తల్లి లోపలుంటె?

కోళ్లగూడు: మరి కోళ్ల సంగతి?

టేకు నీడ: చిన్న సందున్నా అది దూరుతుంది. గంపకు బదులు సన్న కన్నాల ఇనుప జాలీతో గూడు కట్టండి. అడుగున జాలీని జానెడు మట్టిలోకి దించండి, తవ్వుతుంది కాబట్టి. పిల్లలను మొదటి నెల పగలు కూడా అందులోనే ఉంచండి.

మిర్చికల్లం: పొద్దున చూసిన. కంప మొదట్ల రెండు కాళ్ల మీద లేసి నన్నే చూసింది. కండ్లు ఎర్రగ, ఒళ్లు బూడిద, తోక కొన నల్లగ లేదు. వెనుక నుంచి చిన్నది ఒకటి తల పెట్టింది. కాలబెట్ట. జాలీ తెమ్మని ఇంట్లోళ్లకు చెప్పిన. కని ముంగిస ఉంటె పాము రాదని నా ముంగట ఎవ్వరూ అనొద్దు.