బొంత అడుగు గుడ్డ: చింపాలా, కత్తిరించాలా?

సూది_దారం: డబుల్ కాట్ బొంతకి అడుగున వేయడానికి ఐదు మీటర్ల కాటన్ గుడ్డ తెచ్చాను, పన్నా 44 అంగుళాలు. రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలపాలి. నేల మీద పరిచి కత్తెర వేస్తే వంకర పోతుందేమోనని టెన్షన్. చింపేయొచ్చా?

గుంటూరత్తయ్య: చింపమ్మా. అంచు గట్టిగా ఉంటుంది, అక్కడ కత్తెరతో చిన్న గాటు పెట్టు. రెండు చేతులా లాగితే పేక పోగు, అంటే అడ్డం పోగు, వెంట పర్రున పోతుంది. చాక్‌పీసు గీత కూడా అక్కర్లేదు.

కటింగ్_మాస్టర్: వద్దు. చింపిన చోట గుడ్డ సాగి అలలు తిరుగుతుంది. అచ్చు డిజైన్ పోగుకి తిన్నగా పడకపోతే గళ్లు ఏటవాలుగా కనిపిస్తాయి. ఇస్త్రీ చేసి, మడత పెట్టి, రోటరీ కట్టర్‌తో (చక్రంలా తిరిగే బ్లేడు) కొయ్యండి.

గుంటూరత్తయ్య: అలలు ఇస్త్రీకి చాలావరకు పోతాయి, మిగిలింది కుట్టులోకి పోతుంది. మీ మడత ఏమాత్రం జరిగినా, విప్పి చూస్తే మధ్యలో గుడ్డ కోసుగా తేలుతుంది. దానికేమంటారు?

పల్లవి_హైద్: నేను పట్టుచీర చింపబోయాను. జరీ దగ్గర ఆగిపోయింది 😭

కటింగ్_మాస్టర్: ఒకావిడ తనే చింపిన ముక్కలు తెచ్చి బొంత కుట్టమంది. మూలలు కలవలేదు. నేనే పాడు చేశానని కూలీ సగం కోసింది. చింపుడు సంగతి నాకు చెప్పకండి.

గుంటూరత్తయ్య: ఉతక్కుండా చింపి ఉంటుంది. తర్వాత ఒక ముక్క తడిస్తే కుంచించుకుపోదూ?

కటింగ్_మాస్టర్: ఉతికిందో లేదో మీరు చూశారా?

గుంటూరత్తయ్య: చూడక్కర్లేదు. మా ఇంట్లో పాత చీరలు చింపి కుట్టిన బొంతలే పిల్లలందరూ కప్పుకున్నారు. కట్టర్, దాని కింద పరిచే మ్యాట్ కొంటేగాని బొంత కుట్టకూడదన్నట్టుంది మీ వరస.

కటింగ్_మాస్టర్: ఇంట్లో కప్పుకునేదాన్ని ఎవరూ టేపు పెట్టి చూడరండి. నేను అమ్ముకుంటాను. నాలుగు పక్కలూ కొలిచి మరీ డబ్బులిస్తారు. “పాత గుడ్డల బొంతే కదా” అని బేరమాడేది మీలాంటి వాళ్లే.

గుంటూరత్తయ్య: అదా సంగతి! నేనెవరి కూలీ కొయ్యలేదు బాబూ. కుట్టి ఊరికే ఇచ్చాను, ఊళ్లో సగం మందికి.

కటింగ్_మాస్టర్: అందుకే మాకు గిట్టుబాటు కావట్లేదు.

పల్లవి_హైద్: అమ్మో 🙊

సూది_దారం: ముందు ఉతుకుదామని నానబెట్టాను. ఎర్రరంగు వదులుతోంది. ఉప్పు వేయనా?

గుంటూరత్తయ్య: గుప్పెడు వెయ్యి.

కటింగ్_మాస్టర్: ఉప్పుకి ఈ కాలం రంగులు ఆగవు.

గుంటూరత్తయ్య: ఎందుకాగవు?