తలమునకల్లో మునక్కాయ ఉందా?

ఆడిట్_అమ్మ:
మొన్న ఫోన్లో మా అక్కతో "ఇయర్ ఎండింగ్ కదే, పనిలో తలమునకలుగా ఉన్నాను, ఆదివారం రాలేను" అంటున్నాను. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా ఆరో క్లాసు పిల్ల తలెత్తి "అమ్మా, తల మీద మునక్కాయలేంటి?" అంది. నవ్వాను గానీ, చెప్పబోతే నాకే తెలియలేదు. మునక్కాయ కాదని తెలుసు. మరి ఏమిటి? ఉక్కిరిబిక్కిరి అన్నా ఇదేనా?

లంక_బాబాయి:
మునగ కాదమ్మా, మునగడం. పుష్కరాల్లో మూడు మునకలు వేస్తాం చూడండి, ఆ మునకే. మాది కోనసీమ లంక. ఇంట్లోకొచ్చిన నీళ్లని మేం అడుగుల్లో చెప్పం, ఒంటితో కొలుస్తాం. మోకాల్లోతు, మొలలోతు, పీకల్లోతు. ఆ పైన తలమునక. 1986 ఆగస్టు వరదలో, అదే, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి లేచిన ఏడు, మా నాన్న గేదె పలుపు విప్పడానికి పాకలోకి దిగాడు. "మొలలోతే, పర్లేదు!" అని లోపల్నుంచి కేకేశాడు. గేదెతో బయటికొచ్చేసరికి పీకల్లోతు. గేదె ముట్టె ఒక్కటే నీళ్లపైన కనిపించింది. ఇప్పటికీ ఎవరైనా పీకల్లోతు అప్పులు అంటే నాకు ఆ ముట్టే గుర్తొస్తుంది. పీకల్లోతులో ఇంకా ఊపిరాడుతుంది, తలమునకలో ఆడదు. మీ ఆడిట్ ఎంత లోతో మీరే చూసుకోండి.

పాత_ప్రూఫ్‌రీడర్:
బాబాయిగారు చెప్పిందే. మునుగు, మునక, ముంచు, ముంపు ఒకే ఇంటి మాటలు. గడువు ముంచుకొస్తుంది, పక్క సీటువాడు కొంప ముంచుతాడు, చివరికి ఎలాగోలా గట్టెక్కుతాం. ఆఫీసు కష్టాలకి కూడా ఏటి భాషే.

ఉక్కిరిబిక్కిరి వేరు. అది ఊపిరి సలపకపోవడం. పొగకీ అవుతాం, ప్రశ్నల వర్షానికీ అవుతాం, చుట్టాల అభిమానానికీ అవుతాం. బిక్కిరి అని విడిగా ఎవరూ అనరు, చిందరవందరలో వందరలాగా. "అభిమానంతో తలమునకలయ్యాను" అని ఎవరైనా రాసుకొస్తే నేను కొట్టేసేవాణ్ణి. తలమునకలు ఎక్కువగా పనికే. అదీ ఏడుపు కానక్కర్లేదు, పెళ్లి పనుల్లో తలమునకలుగా ఉన్నవాళ్లని చూడండి, మొహాలు వెలిగిపోతుంటాయి.

కరీంనగర్_పిలగాడు:
తలమునకలు మేం పేపర్ల చదివిందే. మా ఇంట్ల ఒక్కటే మాట, పరేషాన్. ఉర్దూల నుంచి వచ్చింది, ఉర్దూకు ఫారసీ నుంచి. ఫారసీల చెదిరిపోయినదాన్ని అట్లంటరు, చెదిరిన జుట్టును గూడ. మార్చిల మా అక్క బ్యాంకు నుంచి ఇంటికొచ్చినప్పుడు జూస్తే ఈ మాటే కరెక్ట్ అనిపిస్తది.

ఆడిట్_అమ్మ:
అందరికీ థాంక్స్. పిల్లకి మొత్తం చదివి వినిపించాను. మునకల సంగతి పట్టించుకోలేదు. గేదె బతికిందా లేదా అని నిన్నట్నుంచి ఒకటే గొడవ.

లంక_బాబాయి:
బతికింది. ఆ సంక్రాంతికి ఈనింది కూడా. పెయ్యదూడ.