స్టుట్‌గార్ట్ నుంచి గాబరోన్‌కి డిసెంబర్ టికెట్లు: చౌకగా వస్తోందని రెండు విడి టికెట్లు కొనొచ్చా?

శ్రావణి, స్టుట్‌గార్ట్:

నమస్తే అందరికీ. మా అక్కావాళ్లు బోట్స్వానాలో, గాబరోన్‌లో ఉంటారు. డిసెంబర్ 28న అక్క కూతురికి ఓణీల ఫంక్షన్. ధనుర్మాసంలో ఫంక్షనేంటే అని అమ్మ రోజూ ఫోన్‌లో క్లాసు పీకుతోంది కానీ అక్కడ పిల్లలకి పెద్ద సెలవులు అప్పుడే. పిన్ని రాకపోతే ఓణీ కట్టుకోనని అది ఇప్పటికే అలిగి కూర్చుంది.

మేమిద్దరం, మా బాబు. 20న వెళ్లి జనవరి 7న రావాలి. బాబుకి జనవరి 3కి రెండేళ్లు నిండుతాయి, కాబట్టి ఇన్‌ఫెంట్ టికెట్ సరిపోతుందనుకుంటున్నాం. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది.

నిన్న రాత్రి చూసినవి ఇవి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జోహన్నెస్‌బర్గ్ లుఫ్తాన్సా, అక్కడి నుంచి ఎయిర్‌లింక్, అంతా ఒకే టికెట్‌లో: మనిషికి 1,490 యూరోలు. ఇథియోపియన్‌లో అడిస్ అబాబా మీదుగా: 1,180. ఇక ఒక బుకింగ్ సైట్‌లో జోహన్నెస్‌బర్గ్ దాకా ఒక కంపెనీ, గాబరోన్‌కి ఇంకో కంపెనీ: 950. కింద చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంది, అంటే మధ్యలో విమానం మారే బాధ్యత మనదేనట. మా ఆయన ఈ 950కే ఫిక్స్ అయిపోయారు. మరీ అయితే జోహన్నెస్‌బర్గ్ నుంచి 360 కిలోమీటర్లే కదా, బస్సులో పోదాం అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఇలా వెళ్లారా?

బుజ్జి, ఐండ్‌హోవెన్:

గూగుల్ ఫ్లైట్స్‌లో క్యాలెండర్ తెరిచి 23, 24, 25 తారీఖులు కూడా చూడండి. పండగ రోజు విమానంలో గడపడం ఇక్కడివాళ్లకి ఇష్టం ఉండదు, అప్పుడప్పుడు ఆ రోజుల్లో రేటు బాగా దిగుతుంది. ఇంకోటి, ఇద్దరికి కలిపి ఒకసారి, ఒక్కరికి ఒకసారి వెతకండి. చౌక రేటులో ఒక్క సీటే మిగిలి ఉంటే, ఇద్దరికి అడిగినప్పుడు సైట్ ఇద్దరికీ పై రేటే చూపిస్తుంది. పోయినేడాది నేను, మా ఆవిడ అలా విడివిడిగా కొని 110 యూరోలు మిగుల్చుకున్నాం. ఇన్‌కాగ్నిటోలో చూస్తే తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. చాలాసార్లు చూశాను, ఒక్క యూరో కూడా తేడా రాలేదు.

రవికుమార్, బ్రస్సెల్స్:

శ్రావణి గారూ, 950 టికెట్ ముట్టుకోకండి. మీ ఆయనకి ఈ పోస్టు చూపించండి.

2018లో నేనూ ఇదే తెలివితేటలు చూపించాను. అప్పుడు మా తమ్ముడు గాబరోన్‌లో ఉండేవాడు. జోబర్గ్‌కి (అదే, జోహన్నెస్‌బర్గ్‌కి) ఒక టికెట్, అక్కడి నుంచి విడిగా ఇంకోటి. ఇద్దరికి కలిపి 400 యూరోలు మిగిలాయని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను కూడా. బ్రస్సెల్స్ కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసి, "సౌతాఫ్రికా వీసా ఎక్కడ?" అంది. మేము సౌతాఫ్రికా వెళ్లట్లేదు, బోట్స్వానా వెళ్తున్నాం అన్నాను. "మీ టికెట్ జోహన్నెస్‌బర్గ్‌తో అయిపోతోంది. సామాన్లు అక్కడ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. దానికి ఇమిగ్రేషన్ దాటాలి" అంది. అంతే. పెట్టెల్ని బెల్టు మీద నుంచి దింపేశారు. అందులో తమ్ముడి కోసం మా ఆవిడ పట్టిన ఆవకాయ డబ్బా, దానికి మూడు చుట్లు టేపు. ఆ పెట్టె మీదే కూర్చుని, దారిలో తినడానికి కట్టుకున్న పులిహోర అక్కడే తిన్నాం. ఆ టికెట్లకి పైసా వెనక్కి రాలేదు. రెండ్రోజుల తర్వాత కొత్తవి కొన్నాం, ఈసారి ఒకే పీఎన్ఆర్‌తో. మా ఆవిడ ఇప్పటికీ నేను ఏదైనా చౌక అన్నప్పుడల్లా "పులిహోర కలపమంటారా?" అని అడుగుతుంది.

లెక్క ఇదీ. ఒకే టికెట్ అయి, పెట్టె మీద కట్టే ట్యాగ్ మీద గాబరోన్ కోడ్ జీబీఈ ఉంటే, జోబర్గ్‌లో మీరు ట్రాన్సిట్ హాల్ దాటి బయటకు రానక్కర్లేదు. ట్యాగ్ మీద జేఎన్‌బీ అని ఉందంటే మన పాస్‌పోర్టుకి సౌతాఫ్రికా వీసా ఉండాల్సిందే. బస్సు సంగతీ అంతే, ఎయిర్‌పోర్టు దాటకుండా బస్సెక్కలేరు కదా. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు, అందుకే ఆ సైట్లలో రివ్యూలు అంత బాగుంటాయి.

విడి టికెట్లతో ఇంకో నష్టం ఉంది. మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే రెండో కంపెనీకి సంబంధం ఉండదు. ఒకే టికెట్ అయితే వాళ్లే వేరే విమానంలో పంపాలి. పైగా యూరప్ నుంచి బయల్దేరినప్పుడు, కంపెనీ ఏ దేశానిదైనా, వాళ్ల తప్పు వల్ల నాలుగ్గంటలు దాటి లేటుగా చేరితే ఇంత దూరానికి మనిషికి 600 యూరోలు అడిగే హక్కుంది. తిరుగు ప్రయాణంలో ఆ హక్కు యూరప్ కంపెనీలకే వర్తిస్తుంది. అంటే లుఫ్తాన్సాలో వస్తే ఉంటుంది, ఇథియోపియన్‌లో వస్తే ఉండదు. దానికోసం 310 యూరోలు ఎక్కువ పెట్టమని మాత్రం నేను చెప్పను.

అన్నట్టు, ఒక విషయం మీరే రాసి మీరే గమనించలేదు. బాబుకి 3న రెండేళ్లు నిండితే 7న ఇన్‌ఫెంట్ కాడు. తిరుగు ప్రయాణానికి వాడికి సీటు కొనాలి, పిల్లల టికెట్ రేటు పెద్దవాళ్ల దానికి పెద్దగా తక్కువేం ఉండదు. ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ అయితే మామూలుగా పదో వంతే. ఫంక్షన్ 28న అయిపోతుంది కాబట్టి జనవరి 1నే బయల్దేరండి. 2 అనకండి, అడిస్‌లో రెండో విమానం ఎక్కేసరికి అర్ధరాత్రి దాటితే తారీఖు మారిపోతుంది.

పద్మ, గాబరోన్:

రవి గారు చెప్పిందంతా కరెక్టే. (ఇక్కడివాళ్లు ఊరి పేరు "హాబరోనే" అన్నట్టు పలుకుతారు, "గాబరోన్" అంటే నవ్వుతారు. మేము వచ్చి పన్నెండేళ్లయినా అలాగే అంటాం లెండి.)

అడిస్ మీదుగా వస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పకుండా తెచ్చుకోండి. సౌతాఫ్రికాలో అయితే ఇథియోపియాలాంటి ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లో 12 గంటలు దాటి ఆగినవాళ్లనే అడుగుతారు. ఇక్కడ నిబంధన ప్రకారం ట్రాన్సిట్‌లో వచ్చినా, ఏడాది దాటిన పిల్లలకైనా కార్డు ఉండాలి. పోయిన వేసవిలో మా ఇంటికొచ్చిన చుట్టాల్ని కౌంటర్ దగ్గర పక్కన నిలబెట్టేశారు, ఆ టీకా కార్డు, అదే పసుపు పుస్తకం, వాళ్ల పెద్ద పెట్టెలో ఉండిపోయింది. చేతి సంచిలోనే పెట్టుకోండి. టీకా వేయించుకున్నాక పది రోజులకి గాని కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. బాబుకి వేయించవచ్చో లేదో పిల్లల డాక్టర్‌ని అడగండి.

బాబు బర్త్ సర్టిఫికెట్ కూడా కావాలి, తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నది. జర్మనీలో పుట్టాడంటే వాడు పుట్టిన ఊరి ష్టాండెస్‌ఆమ్ట్‌లో (జననాలు నమోదు చేసే ఆఫీసు) ఇంగ్లీషు కూడా ఉన్న అంతర్జాతీయ కాపీ ఇస్తారు. జర్మన్‌లో ఉన్నది తెస్తే ఇక్కడెవరు చదువుతారు?

శ్రావణి, స్టుట్‌గార్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్. రవి గారూ, మీ పులిహోర కథ మా ఆయనకి చదివి వినిపించాను. ఒక్క మాట మాట్లాడకుండా ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు.

అడిస్ టికెట్ బుక్ చేశాం, ఇథియోపియన్ సొంత సైట్‌లోనే. బుజ్జి గారు చెప్పినట్టు 24న చూస్తే 1,065కి దొరికింది, తిరుగు జనవరి 1న. ఒకే పీఎన్ఆర్, గాబరోన్ దాకా. ఎల్లో ఫీవర్ టీకా అందరు డాక్టర్ల దగ్గరా వేయరట, పర్మిషన్ ఉన్న సెంటర్‌లో నవంబర్ 14న అపాయింట్‌మెంట్ దొరికింది. రసీదు పంపితే మా క్రాంకెన్‌కాస్సె (హెల్త్ ఇన్సూరెన్స్) డబ్బులు తిరిగి ఇస్తుందట.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. సంతోషపడుతుందనుకుంటే, మొదట అడిగింది పెట్టెలు మొత్తం ఎన్ని కేజీలు అని. లిస్టు సాయంత్రం పంపిస్తుందట.